కుర్చీని తిరగేసి చూడాలి: మిలాన్ ఫర్నిచర్ ప్రదర్శనకు తొలిసారి వెళ్లేవారికి



ఇటలీలోని మిలాన్ నగరంలో ఏటా ఏప్రిల్ నెలలో ఒక వారం హోటల్ గది దొరకడం గగనం. దొరికినా అద్దె మామూలు రోజులకంటే రెట్టింపో, అంతకంటే ఎక్కువో ఉంటుంది. విమానాలు నిండిపోతాయి. టాక్సీ కోసం గంటల తరబడి నిలబడాలి. ఇంత సందడీ ఆటల పోటీల కోసం కాదు, సినిమా పండుగ కోసమూ కాదు. కుర్చీలు, బల్లలు, సోఫాలు, మంచాలు, దీపాలు, వంటగదులు చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం అక్కడికి తరలివస్తారు. ఆ ప్రదర్శన పేరు సలోనే దెల్ మొబిలే. ఫర్నిచర్ రంగంలో ఉన్నవాళ్లు ఏడాదికొకసారి అక్కడ కనిపించకపోతే ఏదో లోటుగా భావిస్తారు.

2025లో అది ఏప్రిల్ 8 నుంచి 13 దాకా ఆరు రోజులు జరిగింది. 37 దేశాల నుంచి 2,100కు పైగా సంస్థలు పాల్గొన్నాయి. వచ్చినవారి లెక్క 3,02,548. వ్యాపారం పనిమీద వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఇటలీ బయటివాళ్లే. మన దేశం నుంచి కూడా ఆర్కిటెక్టులు, ఇంటీరియర్ డిజైనర్లు, మాడ్యులర్ కిచెన్ వ్యాపారులు వెళ్లివస్తున్నారు. అయితే మొదటిసారి వెళ్లినవాళ్లు చాలామంది కాళ్లు వాచేలా తిరిగి, ఫోన్ నిండా ఫొటోలు నింపుకుని ఇంటికొస్తారు. ఏం చూశారని ఎవరైనా అడిగితే చప్పున సమాధానం రాదు. ఆ ప్రదర్శన ఎక్కడ పుట్టింది, ఎవరు పుట్టించారు, ఒక వస్తువు ముందు నిలబడినప్పుడు కన్ను ఎక్కడ నిలపాలి అన్న సంగతులు ముందుగా కొంత తెలిస్తే అంత దూరం వెళ్లిన శ్రమకు ఫలితం ఉంటుంది.

ప్రదర్శన జరిగేది మిలాన్ నడిబొడ్డున కాదు. ఊరికి వాయవ్యాన రో అనే చోట. నగరం నుంచి ఎర్రలైను మెట్రో ఎక్కితే చివరి స్టేషన్ అదే. ఆ ప్రదర్శనశాలలను మస్సిమిలియానో ఫుక్సాస్, దోరియానా ఫుక్సాస్ అనే ఆర్కిటెక్టు దంపతులు రూపొందించారు. 2005లో అవి ప్రారంభమయ్యాయి. మెట్రో దిగి లోపలికి అడుగుపెట్టగానే కిలోమీటరు దాటి సాగిపోయే నడకదారి, దానిమీద గాజు, ఉక్కు కలిపి అల్లిన కప్పు కనిపిస్తాయి. ఆ కప్పు తిన్నగా ఉండదు. అలలు అలలుగా లేచి, అక్కడక్కడ సుడిగుండంలా నేలదాకా దిగిపోతుంది. దారికి రెండు పక్కలా హాళ్లు. 2025లో స్టాళ్లు ఆక్రమించిన స్థలం ఒక్కటే 1,69,000 చదరపు మీటర్లు దాటింది. మన లెక్కలో నలభై ఎకరాల పైమాటే. నడవలు, భోజనశాలలు దీనికి అదనం. కొత్త బూట్లు వేసుకుని వెళ్లినవాళ్లు మధ్యాహ్నానికే చతికిలబడతారు.

ఇది మన నాంపల్లి నుమాయిష్‌లా నచ్చినదాన్ని బేరమాడి ఇంటికి తెచ్చుకునే చోటు కాదు. ఇక్కడ చిల్లర అమ్మకాలు ఉండవు. తయారీదారులు, దుకాణదారులు, హోటళ్లకు సామాను సమకూర్చేవాళ్లు, ఆర్కిటెక్టులు, పత్రికలవాళ్లు కలుసుకునే చోటు. మామూలు జనానికి ప్రవేశం చివరి శని, ఆదివారాల్లోనే. పేరున్న కంపెనీల స్టాళ్లు కొన్ని రెండంతస్తుల ఇళ్లంత ఉంటాయి. వాటి చుట్టూ నిలువెత్తు గోడలు. లోపల ఏముందో బయటికి ఆనవాలు తెలియదు. గుమ్మం దగ్గర పేరు, ఊరు, చేసే పని చెప్పి, మెడలో వేసుకున్న బ్యాడ్జిని స్కాన్ చేయించుకుంటేనే లోపలికి పంపుతారు. కొన్నిచోట్ల ఫొటోలు తియ్యనివ్వరు. నమూనా కాజేస్తారన్న భయం ఈ వ్యాపారంలో ఎప్పుడూ ఉంది. తొలిసారి వెళ్లినవాళ్లకు ఇదంతా కాస్త బెరుకు పుట్టిస్తుంది. బెరుకు పడనక్కర్లేదు. విజిటింగ్ కార్డు చేతికిచ్చి, ఫలానా ఊళ్లో ఫలానా పని చేస్తానని చెబితే మర్యాదగానే చూపిస్తారు. కావలసిన నాలుగైదు కంపెనీలకు నెల రోజుల ముందే ఈమెయిల్ రాసి సమయం తీసుకుంటే ఇంకా మంచిది. అప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చెక్క ముక్కలు, గుడ్డ ముక్కలు చేతికిచ్చి మరీ వివరిస్తారు.

ఇంత పెద్ద వ్యవహారం మొదలైంది వడ్రంగి పల్లెల నుంచి.

మిలాన్‌కు ఉత్తరాన బ్రియాంత్సా అనే ప్రాంతం ఉంది. మేదా, లిస్సోనే, కాంతూ, మరియానో కొమెన్సే వంటి చిన్న చిన్న పట్టణాలు. తరతరాలుగా అక్కడ చెక్కపనే బతుకుదెరువు. ఒక ఇంటివాళ్లు చట్రం మాత్రమే చేస్తారు. పక్కింట్లో తరిణె పట్టి కాళ్లు తీస్తారు. ఇంకో ఇంట్లో పరుపులు కుట్టి తొడుగు వేస్తారు. మరో ఇంట్లో పాలిష్. ఒక బీరువా పూర్తయ్యేసరికి నాలుగైదు ఇళ్ల గడపలు దాటేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీలో ఇళ్ల నిర్మాణం ఊపందుకుంది. అదే కాలంలో మిలాన్‌లో చదువుకున్న ఆర్కిటెక్టులు కొత్త ఇళ్లకు కొత్త సామాను కావాలని ఈ పల్లెల వడ్రంగుల దగ్గరికి కాగితాలు పట్టుకుని వచ్చారు. బొమ్మ గీసినవాడూ ఉలి పట్టినవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఇటలీ ఫర్నిచర్‌కు ఇవాళ ఉన్న పేరు అక్కడ మొదలైంది.

తయారీ పెరిగింది కానీ కొనేవాళ్లు దేశం దాటలేదు. విదేశీ వ్యాపారులను రప్పించాలన్న ఆలోచనతో తయారీదారులే ఒక సంఘంగా ఏర్పడి 1961 సెప్టెంబరులో మిలాన్ పాత ప్రదర్శన మైదానంలో మొదటి సలోనే పెట్టారు. 328 సంస్థలు స్టాళ్లు వేశాయి. పన్నెండు వేల చిల్లర మంది వచ్చారు. 1967లో అది అంతర్జాతీయ ప్రదర్శనగా మారింది. 1974లో వంటగదులకు, 1976లో దీపాలకు విడిగా విభాగాలు వచ్చాయి. ఇప్పుడు సరి సంవత్సరాల్లో వంటగది, బేసి సంవత్సరాల్లో దీపాలు. వెళ్లదలచినవాళ్లు ముందు ఈ సంగతి చూసుకోవాలి. కిచెన్ వ్యాపారి బేసి సంవత్సరంలో వెళ్తే తనకు కావలసిన సరుకు సగం కూడా కనిపించదు. తలుపుల కీళ్లు, డ్రాయర్ల ఛానళ్లు, బోర్డుల కోసమైతే జర్మనీలో కొలోన్ నగరంలో బేసి సంవత్సరాల్లో జరిగే ఇంటర్‌జుమ్ అనే ప్రదర్శన మేలు. అది వేరే లోకం. అక్కడ అందం గురించి ఎవరూ మాట్లాడరు, లోపలి సామాను గురించే మాట్లాడతారు.

తిరిగి మిలాన్‌కు వద్దాం. హాళ్లలో కాలుపెట్టినవాళ్ల కళ్లు ముందు రంగులకు, వెలుగులకు చెదిరిపోతాయి. సోఫా చూస్తారు, ఫొటో తీస్తారు, పక్కదానికి నడుస్తారు. చెయ్యి తిరిగిన తయారీదారు మాత్రం అలా చూడడు. మోకాళ్లమీద కూర్చుని కుర్చీ అడుగుభాగం చూస్తాడు. అతుకుల దగ్గర వేలు పెట్టి నిమురుతాడు. వీలైతే తిరగేస్తాడు. అసలు విద్య అంతా అక్కడే ఉంటుంది.

ఒక కుర్చీ సంగతి చూద్దాం. జెనోవా దగ్గర సముద్రతీరంలో క్యావరి అనే ఊరుంది. అక్కడ 1807 నుంచి సన్నటి కాళ్లతో తేలికైన కుర్చీలు చేస్తున్నారు. జియో పోంతి అనే మిలాన్ ఆర్కిటెక్టుకు ఆ పల్లె కుర్చీ అంటే మక్కువ. దాన్ని ఇంకా తేలిక చెయ్యాలని ఏళ్ల తరబడి మేదా ఊళ్లోని కస్సీనా వర్క్‌షాపు పనివాళ్లతో కూర్చున్నాడు. 1957లో కుర్చీ తయారైంది. పేరు సూపర్‌లెజ్జెరా. బరువు 1.7 కిలోలు. చిన్నపిల్ల ఒక వేలితో ఎత్తగలదు. యాష్ చెక్కతో చేసిన కాళ్లు గుండ్రంగానో చదరంగానో ఉండవు, మూడు పలకలుగా ఉంటాయి. వాటి మందం 18 మిల్లీమీటర్లే. ఇంత సన్నటి కర్రలో బెజ్జం కొట్టి, ఇంకో కర్రను అందులో దించి, మనిషి బరువు మోసేలా నిలబెట్టాలంటే కర్ర ఎంపిక నుంచి అతుకు దాకా ఎక్కడా పొరపాటుకు తావు లేదు. పోంతి గీత గొప్పదే. ఆ గీతను కర్రలో నిలబెట్టిన మేదా వడ్రంగుల పేర్లు మాత్రం క్యాటలాగుల్లో పెద్దగా కనిపించవు. కనిపించాలి. ఒక వస్తువు కింద రూపకర్త పేరు వేసినప్పుడు దాన్ని మొదటిసారి చేసి చూపించినవారి పేరు కూడా వెయ్యడం న్యాయం.

ఇంకొకటి దీపం. అకిల్లే, పియెర్ జాకొమో కస్తిల్యోనీ అనే అన్నదమ్ములు 1962లో ఆర్కో దీపం రూపొందించారు. భోజనం బల్లమీద వెలుతురు పడాలి, అందుకోసం స్లాబుకు కన్నం పెట్టకూడదు. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లందరికీ తెలిసిన ఇబ్బందే ఇది. నేలమీద ఒక మూల బరువైన దిమ్మ పెట్టి, దానిలోంచి విల్లులా వంగిన ఉక్కు కమ్మిని పైకి లేపి, రెండు మీటర్ల అవతల బల్లమీదకు దీపాన్ని వేలాడదీశారు. కమ్మి కింద నుంచి మనుషులు వడ్డిస్తూ తిరగొచ్చు. దిమ్మ కరారా పాలరాయి. బరువు దాదాపు 65 కిలోలు. అంత తూగుంటేనే పైన వంగిన కమ్మి పడిపోకుండా నిలుస్తుంది. ఆ రాతి మధ్యలో గుండ్రటి రంధ్రం ఒకటి ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు సింగారం కోసం పెట్టారనుకుంటారు. కాదు. అందులో చీపురు కర్ర దూర్చి ఇటొకరు అటొకరు పట్టుకుంటే దీపాన్ని ఎత్తి జరపొచ్చు. రాతి అంచులు ఏటవాలుగా చెక్కింది కూడా నడిచేవాళ్ల కాలికి తగలకూడదనే. అరవై ఏళ్లు దాటినా ఆ దీపం ఇంకా తయారవుతూనే ఉంది. దాన్ని చూసి గీసిన నకళ్లు ప్రపంచమంతా ఉన్నాయి. కొన్ని నకళ్లలో రాతికి రంధ్రం ఉండదు. ఎందుకు పెట్టారో ఆలోచించకుండా రూపాన్ని మాత్రం తీసుకున్నారన్నమాట.

అందుకే ఈ ప్రదర్శనకు వెళ్లేవాళ్లు రోజుకు వంద వస్తువులు చూడటం కంటే పది వస్తువుల దగ్గర నిలబడి అడగడం మేలు. ఈ చెక్క ఎక్కడిది, ఈ తొడుగు విప్పి ఉతకొచ్చా, స్పాంజి కుంగితే మార్చొచ్చా, ఈ కాలు విరిగితే విడిగా దొరుకుతుందా? ఇలాంటి ప్రశ్నలు అడిగితే స్టాల్‌లో ఉన్న అమ్మకందారు సర్దుకుని కూర్చుంటాడు. కొన్నిసార్లు లోపలి నుంచి ఇంజనీరును పిలుస్తాడు. ఆ ఇంజనీరుతో గడిపిన పావుగంట ఆ రోజంతటికీ విలువైనది అవుతుంది.

సరి సంవత్సరంలో వంటగదుల హాళ్లలోకి వెళ్తే తెలుగువాళ్లకు ఆలోచించవలసిన విషయాలు చాలా కనిపిస్తాయి. పొయ్యి కనిపించని వంటగది ఇప్పుడు అక్కడి మోజు. రాతి పలక కిందే ఇండక్షన్ పరికరం అమరుస్తారు. గిన్నె పెట్టినచోట వేడెక్కుతుంది, తీసేస్తే ఉత్త రాయి. తలుపు మూస్తే సింకూ షెల్ఫులూ అన్నీ మాయమై గోడ మాత్రమే మిగులుతుంది. పొగ పీల్చే గొట్టం పైన ఉండదు, పొయ్యి మధ్యలోంచి కిందికే లాగేస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఎండుమిరపకాయలు, ఆవాలు వేసి పోపు పెట్టే ఇంటికి, జొన్నరొట్టె మంటమీద కాల్చే ఇంటికి, గ్రైండరు నిలపాల్సిన ఇంటికి ఆ వంటగది సరిపోదు. అది వాళ్ల తప్పు కాదు. వాళ్ల వంటకు తగ్గట్టు వాళ్లు చేసుకున్నారు. మన వంటకు తగ్గ వంటగదిని అంత శ్రద్ధతో, అంత ఖర్చుతో ఆలోచించవలసింది మనవాళ్లే. మిలాన్ వెళ్లి అక్కడి నమూనాను యథాతథంగా తెచ్చి హైదరాబాద్ అపార్టుమెంటులో బిగించి, ఆర్నెల్లకు జిడ్డు వదిలించలేక ఇంటివాళ్లు అవస్థ పడితే ఆ ప్రయాణం వృథా.

ఆ వంటగదుల రాళ్ల దగ్గర ఇంకో మాట. ఇటలీ రాతి వ్యాపారులకు బ్లాక్ గెలాక్సీ అనే పేరు బాగా తెలుసు. నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలు నక్షత్రాల్లా మెరుస్తాయి. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వస్తుంది. ఆ రాయి ప్రకాశం జిల్లా చీమకుర్తిది. దశాబ్దాలుగా అక్కడి నుంచి పెద్ద పెద్ద దిమ్మలు ఓడలకెక్కి ఇటలీకి వెళ్తున్నాయి. వాటిని అక్కడ పలకలుగా కోసి, మెరుగు పెట్టి, అంచులు దిద్ది ప్రపంచానికి అమ్మారు. దిమ్మగా వెళ్లిన రాయికీ, వంటగది బల్లగా మారిన రాయికీ ధరలో పోలికే లేదు. ఆ మధ్యలో ఉన్నది పనితనం, రూపకల్పన, నమ్మకంగా సరుకు చేరవేసే ఏర్పాటు. ప్రకాశం జిల్లాలో కోత మిషన్లు, పాలిష్ యూనిట్లు లేకపోలేదు. కానీ ఆ రాతితో ఒక బల్లను, ఒక దీపపు దిమ్మను తామే రూపొందించి తమ పేరుతో మిలాన్‌లో పెట్టే దశ రావలసి ఉంది.

మన దేశపు వస్తువు ఒకటి ఇటలీ పేరుతో అక్కడ మెరుస్తూ కనిపిస్తుంది. చండీగఢ్ నగరం కట్టినప్పుడు ఆఫీసులకు, కోర్టుకు, విశ్వవిద్యాలయానికి, శాసనసభకు కుర్చీలు, బల్లలు వేలకొద్దీ కావలసి వచ్చాయి. ఆ నగరానికి రూపకల్పన చేసిన ఆర్కిటెక్టు లె కొర్బూజియే దాయాది పియెర్ జన్నెరే, యూలీ చౌధురి వంటి భారతీయ ఆర్కిటెక్టులతో కలిసి వాటిని రూపొందించారు. టేకు చట్రం, పేము అల్లిక, పక్కల తిరగేసిన వి అక్షరంలా కాళ్లు. స్థానిక వడ్రంగులు చేశారు. కొన్ని దశాబ్దాలు గుమాస్తాలు వాటిమీద కూర్చున్నారు. తర్వాత ప్లాస్టిక్, ఇనుప కుర్చీలు రావడంతో పాతవి డాబాలమీద, గోదాముల్లో గుట్టలుగా పడ్డాయి. ప్రభుత్వ వేలాల్లో పాత సామాను ధరకు పోయాయి. ఫ్రాన్స్ వ్యాపారులు వాటిని కొని, బాగుచేసి, యూరప్, అమెరికా వేలాల్లో లక్షల రూపాయలకు అమ్మారు. ఏ ఆఫీసు కుర్చీయో గుర్తుకోసం వెనక తెల్లరంగుతో రాసిన శాఖ పేరు, నంబరు ఉంటే కొనేవాళ్లు ఇంకా మోజు పడతారు. అది అసలుదని తెలిపే ముద్ర కదా! 2011లో కేంద్ర హోం శాఖ ఈ సామాను అమ్మకం, ఎగుమతి నిషేధించింది. అప్పటికి చాలా వెళ్లిపోయింది. 2019లో కస్సీనా కంపెనీ జన్నెరేకు నివాళిగా ఆ నమూనాల వరుసను విడుదల చేసింది. మన దగ్గర బెంగళూరులో ఫాంటమ్ హ్యాండ్స్ సంస్థ అలాంటి టేకు, పేము కుర్చీలను చేత్తో చేయించి విదేశాలకు పంపుతోంది. మిలాన్‌లో ఆ కుర్చీ ముందు నిలబడిన భారతీయుడికి గర్వమూ కలుగుతుంది, గుండె చివుక్కుమంటుంది కూడా. మన జిల్లా కోర్టుల్లో, పాత కాలేజీల్లో, రైల్వే విశ్రాంతి గదుల్లో ఇప్పటికీ మిగిలిన పాత టేకు బల్లలను, పడక కుర్చీలను వేలం పాటలో పెట్టేముందు ఎవరైనా ఒకసారి తిరగేసి చూస్తే బాగుండును.

సాయంత్రం హాళ్లు మూసేశాక ప్రదర్శన అయిపోయిందనుకోకూడదు. మిలాన్ నగరంలో అప్పుడు రెండో ప్రదర్శన నడుస్తూ ఉంటుంది. సలోనే బయటిది అన్న అర్థంలో దాన్ని ఫువోరిసలోనే అంటారు. ఇది ఎవరో ఒకరు నడిపేది కాదు. 1980ల మొదట్లో కొన్ని కంపెనీలు తమ దుకాణాల్లో, పాత ఫ్యాక్టరీల్లో సొంతంగా ప్రదర్శనలు పెట్టడంతో మొదలై, ఇప్పుడు బ్రెరా, తొర్తోనా, ఈజొలా వంటి పేటలన్నిటికీ పాకింది. చాలావాటికి టికెట్ ఉండదు. మామూలు రోజుల్లో తాళాలు వేసి ఉండే ప్యాలెస్‌ల లోగిళ్లు తెరుస్తారు. పదిహేనో శతాబ్దంలో ఆసుపత్రిగా కట్టిన మిలాన్ విశ్వవిద్యాలయ భవనపు ముంగిళ్లలో ఇంటి ఎత్తు నిర్మాణాలు నిలబెడతారు. 2025లో బ్రెరా చిత్రశాల లోగిలిలో ఎస్ డెవ్లిన్ అనే బ్రిటిష్ కళాకారిణి మూడు వేలకు పైగా పుస్తకాలతో తిరిగే గుండ్రటి గ్రంథాలయం కట్టింది. అదే ఏడాది స్ఫోర్త్సా కోటలో మైకెలాంజిలో చివరి శిల్పం రొందానీనీ పియెతా చుట్టూ వెలుగు, సంగీతంతో రంగస్థల దర్శకుడు రాబర్ట్ విల్సన్ ఒక ప్రదర్శన చేశారు. ఆ జులైలోనే ఆయన కన్నుమూశారు.

ఈ ఊరి ప్రదర్శనల్లో చరిత్ర మార్చింది 1981 సెప్టెంబరు 18 రాత్రి. డిజైనర్ ఎత్తోరె సొత్సాస్ నాయకత్వంలో మెంఫిస్ అనే బృందం ఒక చిన్న గ్యాలరీలో తమ సామాను పెట్టింది. చూడవచ్చిన జనంతో బయట వీధి నిండిపోయి బండ్లు ఆగిపోయాయి. అక్కడ పెట్టిన వాటిలో కార్ల్‌టన్ అనే పుస్తకాల అర ఒకటి. అరలు అడ్డంగా, ఏటవాలుగా, చేతులు చాచిన మనిషిలా ఉంటాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. అంత ఖరీదైన వస్తువుకు వాడినది టేకు కాదు, రోజ్‌వుడ్ కాదు. ప్లాస్టిక్ లామినేట్. మన వడ్రంగులు ఏ కంపెనీదైనా సన్‌మైకా అనే పిలుస్తారే, ఆ రకం సరుకే. హోటలు బల్లలకు, ఆసుపత్రి కౌంటర్లకు అంటించే చవక రేకును తీసుకొచ్చి పెద్దింటి హాల్లో పెట్టడం అప్పట్లో పెద్ద సాహసం. సొత్సాస్ 1961లో భారతదేశం తిరిగారు. తర్వాత చేసిన పింగాణీ పళ్లేలకు శివుడికి నైవేద్యం అన్న అర్థంలో పేరు పెట్టారు. ఆయన చేసిన అరల్లో, కుండల్లో ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే అంతస్తులను, గుడి రంగుల్లాంటి గట్టి రంగులను తెలుగువాళ్లు సులువుగా పోల్చుకుంటారు.

వయసులో ఉన్నవాళ్లు ముందుగా వెళ్లవలసిన చోటు మాత్రం రో మైదానంలోని సలోనే శాటిలైట్. 1998లో మార్వా గ్రిఫిన్ అనే వెనిజులా మహిళ దీన్ని మొదలుపెట్టారు. 35 ఏళ్ల లోపువాళ్లకే స్టాళ్లు. వాళ్ల వెనక కంపెనీలు ఉండవు, చేతిలో సొంతంగా చేసిన నమూనాలు ఉంటాయి. తయారీదారులు ఆ వరుసల్లో తిరిగి నచ్చినవాళ్లను పట్టుకుంటారు. 2025లో అక్కడ 700 మంది యువ డిజైనర్లు కనిపించారు. ఆ ఏటి అంశం కొత్త హస్తకళ. పెద్ద హాళ్లలో దొరకనిది ఇక్కడ దొరుకుతుంది. చేసిన మనిషే వస్తువు పక్కన నిలబడి ఉంటాడు. ఏది కుదిరింది, ఏది ఇంకా కుదరలేదు, ఏ ఫ్యాక్టరీ ఒప్పుకోలేదు అన్నీ దాచుకోకుండా చెబుతాడు.

ఒకి సాతో అనే జపాన్ యువకుడు 2002లో తోక్యోలోని వసేదా విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చదువు ముగించి స్నేహితులతో మిలాన్ వచ్చాడు. భవనాల లోకంలో నియమాలు, అనుమతులు చూసి వచ్చిన అతడికి ఊరు ఊరంతా కుర్చీల గురించి, కప్పుల గురించి మాట్లాడుకోవడం కొత్తగా తోచింది. తిరిగి వెళ్లి అదే ఏడాది నెండో అనే సంస్థ పెట్టాడు. మరుసటి ఏడు, 2003లో శాటిలైట్‌లో స్టాల్ వేశాడు. తర్వాత ఇటలీలోని పేరున్న కంపెనీలు చాలా అతడితో పనిచేశాయి. తోక్యో ఒలింపిక్స్‌లో పూవులా విచ్చుకున్న జ్యోతి పాత్ర నెండో రూపొందించినదే. మన దగ్గరా విజయవాడ ప్రాంతంలో 2015 నుంచి జాతీయ డిజైన్ సంస్థ నడుస్తోంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కకు సహజ రంగులు కలిపి అద్దే పనివాళ్లు ఉన్నారు. బొమ్మలకు పరిమితమైన ఆ విద్య దీపానికో, పీటకో, తలుపు పిడికో ఎక్కితే ఎలా ఉంటుందో చేసి చూపగల పిల్లలు ఆ తరగతుల్లోనే ఉండవచ్చు. శాటిలైట్‌కు దరఖాస్తు పెట్టుకోవడానికి పెద్ద పరిచయాలు అవసరం లేదు. ఎంపిక సంఘం చూసేది పనినే.

మెచ్చుకోలేని సంగతి కూడా ఒకటుంది. ఆరు రోజుల కోసం కట్టిన ఆ నిలువెత్తు గోడలు, నేలలు, మెట్లు ఆదివారం సాయంత్రం నుంచి విరగ్గొట్టడం మొదలవుతుంది. కలపను పొదుపుగా వాడాలని స్టాల్ లోపల చెప్పిన కంపెనీల గోడలే బయట ముక్కలవుతాయి. కరోనా వల్ల 2020లో ప్రదర్శన జరగలేదు. 2021 సెప్టెంబరులో ఆర్కిటెక్ట్ స్తెఫానో బొయెరీ ఆధ్వర్యంలో పెద్ద స్టాళ్లు లేకుండా పొడవాటి వరుస గోడలకు సామాను అమర్చి చూపించారు. గోడల సరుకు మళ్లీ వాడుకునేలా కట్టారు. వస్తువులు ఏమాత్రం చిన్నబోలేదు. మరుసటి ఏడే మళ్లీ పెద్ద స్టాళ్లు తిరిగొచ్చాయి. ఆ తర్వాత పునర్వినియోగానికి నిబంధనలు పెట్టి కొంత మెరుగుపరిచారు కానీ, 2021లో వేసిన అడుగు అక్కడే ఆగిపోకుండా ఉండవలసింది.

ఆరు రోజుల్లో ఒక రోజు మిగుల్చుకోగలిగినవాళ్లు మిలాన్‌లోని కదోర్నా స్టేషన్‌లో అస్సో వైపు వెళ్లే లైనులో లోకల్ రైలు ఎక్కాలి. గంటలోపే బ్రియాంత్సా వస్తుంది. దారిలో వరేదో అనే ఊరు తగులుతుంది. అక్కడ గయెతానో బొర్సానీ అనే చేతిపని మేస్త్రి కుటుంబానికి ఫర్నిచర్ వర్క్‌షాపు ఉండేది. కొడుకు ఒస్వాల్దో ఆర్కిటెక్చర్ చదివి, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఊళ్లో కుటుంబానికి ఇల్లు కట్టాడు. 1953లో తెక్నో అనే కంపెనీ పెట్టాడు. 1955లో అతడు చేసిన పి40 అనే పడక కుర్చీ వీపు, కాళ్లు, తల ఆనించే భాగాలు విడివిడిగా కదిలి 486 రకాలుగా అమరుతుంది. తండ్రి వర్క్‌షాపులో పెరిగిన కొడుకుకు కీలు ఎక్కడ బిగించాలో తెలుసు. 2024, 2025 సంవత్సరాల్లో ఆల్కోవా అనే యువ డిజైనర్ల ప్రదర్శన ఆ ఇంట్లోనూ జరిగింది. ఆ ఇంటి చెక్కసామాను చాలావరకు ఆ వర్క్‌షాపు పనే. అదే లైనులో ఇంకొంచెం ముందుకు వెళ్తే మేదా. అక్కడ సందుల్లో నడిస్తే షోరూముల వెనక ఇప్పటికీ చిన్న షెడ్లు, బయట ఆరబెట్టిన పలకల దొంతరలు కనిపిస్తాయి. ప్రదర్శన వారంలో షోరూములు తెరిచే ఉంటాయి. ఫ్యాక్టరీ లోపల చూడాలంటే మాత్రం కంపెనీకి ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి.